పింఛన్ ఆపేశామన్నారా? ముందు ‘కాదు’ అన్నది ఎవరో తేల్చుకోండి

మా వీధి చివర టైలర్ బాబాయ్‌కి కుడికాలు పోలియో. పదిహేనేళ్లుగా వికలాంగుల పింఛన్ తీసుకుంటున్నాడు, ఎవరూ ఏమీ అడగలేదు. 2025 ఆగస్టులో సచివాలయం నుంచి వెల్ఫేర్ అసిస్టెంట్ వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టి, సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. మళ్లీ చేసిన పరీక్షలో మీ వైకల్యం 38 శాతం అని తేలింది, 40కి తక్కువ కాబట్టి మీరు అనర్హులు అని దాని సారాంశం. పాత సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో 60 ఉంది. కాలు మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, నిజం చెప్పాలంటే వయసుతో పాటు ఇంకాస్త సన్నబడింది.

ఆ రాత్రి బాబాయ్ ఒక అర్జీ రాయించుకున్నాడు. ‘అయ్యా, నేను కడు పేదవాడను, భార్యాబిడ్డలతో కష్టపడి బతుకుతున్నాను, తమరు దయతలచి...’ అంటూ రెండు పేజీలు. సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లి ఇస్తానన్నాడు. చదివి నేనన్నాను, బాబాయ్, ఇందులో నీ కాలు గురించి ఒక్క ముక్క కూడా లేదు, పేదవాడివి కాదని నీతో ఎవరన్నారు? వాళ్లన్నది నీ కాలు 38 అని కదా.

ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మాట గురించే. పింఛన్ రాలేదనో, ఆగిపోయిందనో తిరిగేవాళ్లలో చాలామంది తప్పు గుమ్మం ముందు నిలబడి సరైన గోడు వెళ్లబోసుకుంటున్నారు. ‘కాదు’ అనేవాళ్లు ముగ్గురుంటారు. శాతం తక్కువేసిన డాక్టర్ ఒకరు. మీ పేరు మీద పొలమో కారో కరెంటు మీటరో చూపించి ఆపేసిన కంప్యూటర్ రెండోది. ఫైలు కదపని ఆఫీసు మూడోది. ముగ్గురికీ జవాబు వేరు, కాగితాలు వేరు, వెళ్లాల్సిన చోటు వేరు.

ఆంధ్రలో ఈ గొడవ ఎందుకింత పెద్దదైందో ఒక్క ముక్కలో చెప్పుకుందాం. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛన్ 3,000 నుంచి 6,000 అయింది, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 5,000 నుంచి 15,000 అయింది. డబ్బు పెరిగాక బోగస్ సర్టిఫికెట్ల మాట పైకొచ్చింది, 2025 జనవరి నుంచి డాక్టర్లతో మళ్లీ పరీక్షలు మొదలయ్యాయి, ఆగస్టులో నోటీసులు వచ్చాయి. బోగస్‌లు లేవని నేననను. డబ్బులిచ్చి శాతం రాయించుకున్నవాళ్లు మా మండలంలోనే నాకు తెలుసు. కానీ జల్లెడ పట్టినప్పుడు రాళ్లతో పాటు బియ్యం కూడా కిందపడ్డాయి, ఆ బియ్యం గింజల్లో మా బాబాయ్ ఒకడు.

మొదట శాతం సంగతి, ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది.

40 అనేది ఎవరికో తోచి పెట్టిన అంకె కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతానికి తగ్గకుండా ఉన్నవాళ్లను విడిగా నిర్వచించి రిజర్వేషన్ల లాంటివి వాళ్లకి పెట్టింది. రాష్ట్రాల పింఛన్లు కూడా ఆ గీతనే పట్టుకున్నాయి. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ దివ్యాంగ పింఛన్‌కి మాత్రం 80 శాతం ఉండాలి, అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకే, నెలకి 300 రూపాయలు. (300! ఈ రోజుల్లో ఆటోలో ఆస్పత్రికి వెళ్లి రావడానికి కూడా సరిపోదు.) అందుకే ఒక పథకానికి పనికొచ్చిన సర్టిఫికెట్ ఇంకోదానికి పనికిరాకపోవచ్చు, అది మోసమేమీ కాదు.

మరి ఆ శాతం ఎలా వస్తుంది? మనమేమో ‘నాకెంత కష్టంగా ఉంది’ అన్నదానికి డాక్టర్ వేసే మార్కులనుకుంటాం. కాదు. కేంద్రం 2018 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2024 మార్చిలో వాటిని సవరించింది. అంతకుముందు 2001 నాటివి ఉండేవి. కాలి విషయంలో చూసేది కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయి, కండరాల్లో బలం ఎంతుంది, ఇవి ఒక భాగం. ఆ కాలితో మనిషి ఎంత నిలకడగా ఉండగలడన్నది ఇంకో భాగం: చదునైన నేల మీద నడక, ఏటవాలులో నడక, మెట్లెక్కడం, ఆ ఒక్క కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, పక్కకి తిరగడం. వీటికి విడివిడిగా అంకెలుంటాయి. కాలు పొట్టిగా ఉంటే దానికి వేరే లెక్క: మొదటి అర అంగుళానికి ఏమీ లేదు, ఆ తర్వాత ప్రతి అర అంగుళానికి 4 శాతం. అంటే రెండు అంగుళాలు పొట్టి అయితే 12 శాతం. నొప్పి, వంకర, స్పర్శ తెలియకపోవడం లాంటివాటికి అదనంగా కొంత కలుపుతారు గానీ దానికి 10 శాతం దగ్గర మూత ఉంది. చూశారా, మనం డాక్టర్ ముందు అరగంట చెప్పుకోవాలనుకునే నొప్పికి దొరికేది మహా అయితే ఆ పదే.

ఇప్పుడు బాబాయ్ పరీక్షకి ఎలా వెళ్లాడో చెబుతాను. ‘ఆస్పత్రికి వెళ్తున్నాం, నలుగురూ చూస్తారు’ అని ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర బయట బెంచీ దగ్గర పిన్నికిచ్చి, లోపల డాక్టర్ నడవమంటే ఊపిరి బిగబట్టి వీలైనంత తిన్నగా నాలుగడుగులు వేసి చూపించాడు. యాభై ఏళ్లుగా ‘కుంటోడు’ అనిపించుకోకుండా నడవడం నేర్చుకున్న మనిషి, డాక్టర్ ముందు మాత్రం కుంటుతాడా? రెండు నిమిషాల్లో అయిపోయింది. టేపు తియ్యలేదు, గొంతుక్కూర్చోమనలేదు. బయట వంద మంది క్యూలో ఉన్నారు, డాక్టర్‌ని మాత్రం పూర్తిగా ఎలా తప్పుపడతాం.

అసలు విచిత్రం ఏమిటంటే బాబాయ్ తన ప్యాంట్లు తనే కుట్టుకుంటాడు. కుడికాలు రెండు అంగుళాలు తక్కువ పెట్టి కత్తిరిస్తాడు, ముప్పై ఏళ్లుగా. ఆ రెండు అంగుళాలు ఆయన కత్తెరకి తెలుసు, సర్టిఫికెట్‌కి తెలియదు.

ఇది ఎలా తెలిసిందంటే, సర్టిఫికెట్ మీద మొత్తం శాతం ఒక్కటే కనిపిస్తుంది, దాని వెనక ఏది ఎంత వేశారన్న షీట్ ఆస్పత్రిలో ఉంటుంది. అది అడిగి తీసుకోవాలి. మామూలుగా అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆస్పత్రి పౌర సమాచార అధికారికి ఒక దరఖాస్తు పెట్టండి: ‘ఫలానా తేదీన నాకు జరిగిన వైకల్య నిర్ధారణ పరీక్షకు సంబంధించిన అసెస్‌మెంట్ షీట్, పరీక్షల రిపోర్టుల నకళ్లు ఇవ్వగలరు’. 10 రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో ఇవ్వాలి. కానీ ఆ షీట్ వచ్చేదాకా అప్పీల్ ఆపుకుని కూర్చోకండి, నోటీసులో ఉన్న గడువు దాటిపోతుంది. ముందు అప్పీల్ వేసేసి, ‘మిగతా ఆధారాలు అందిన వెంటనే సమర్పిస్తాను’ అని చివర ఒక వాక్యం రాయండి, చాలు.

రెండు రకాల వైకల్యం ఉన్నవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. కాలు 30 శాతం, చెవుడు 20 శాతం అనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ 40కి తక్కువే, పింఛన్ లేదు. కూడితే 50 అనుకుంటారు, అదీ కాదు. లెక్క ఇలా వేస్తారు: 90లోంచి పెద్ద అంకె తీసెయ్యాలి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించాలి, వచ్చినదాన్ని 90తో భాగించి పెద్ద అంకెకి కలపాలి. 90లోంచి 30 పోతే 60, ఇరవై అరవైలు 1,200, దాన్ని 90తో భాగిస్తే 13 పైచిలుకు, 30కి కలిపితే 43. గీత దాటేశారు! కానీ ఎముకల డాక్టర్ దగ్గరికి మాత్రమే స్లాట్ బుక్ చేసుకుంటే చెవి డాక్టర్ చూడనే చూడరు, ఈ లెక్క వెయ్యనే వెయ్యరు. మీకు రెండోది ఉంటే దాన్ని కూడా పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి.

మానసిక జబ్బు ఉన్నవాళ్ల కుటుంబాలకి ఒక మాట. అక్కడ చూసేది తన పని తను చేసుకుంటున్నాడా, మనుషులతో ఎలా ఉంటున్నాడు, మాట్లాడితే అర్థమయ్యేలా ఉందా, పని చెయ్యగలుగుతున్నాడా, జబ్బు ఎన్నాళ్లుగా ఉంది అని. మనవాళ్లు పరువు కోసం ‘ఇప్పుడు బానే ఉంటున్నాడండీ, అన్నం తనే తింటాడు’ అని చెప్పేసి వస్తారు. అన్నం తనే తింటాడు సరే, నాలుగుసార్లు పిలిచి, కంచం ముందు కూర్చోబెట్టి, పక్కన కాపలా ఉంటేనే తింటాడన్న సంగతి ఎవరు చెబుతారు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మంచి రోజు సంగతి మాత్రమే కాదు, చెడ్డ రోజు కూడా.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 2016 చట్టంలో 59వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం నచ్చకపోతే రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి అప్పీల్ చేసుకోవచ్చు. గడువు, పద్ధతి రాష్ట్రం పెట్టుకుంటుంది. సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదంటే కారణం కాగితం మీద ఇవ్వాలని రూల్స్‌లో ఉంది, కాబట్టి ‘నీకు రాదు పో’ అని నోటితో చెబితే ఊరుకోకండి. ఆంధ్రలో 2025 నోటీసులకి అప్పీల్ పల్లెల్లో ఎంపీడీవోకి, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కి ఇవ్వమన్నారు, వాళ్లు మళ్లీ పరీక్షకి పంపుతారు. అప్పీల్ వేసుకున్నవాళ్లకి ఈలోపు పింఛన్ ఆపకుండా ఇచ్చారు. అదే అప్పీల్ వెయ్యకుండా ఊరికే ఏడ్చి ఊరుకున్నవాళ్లకి ఆ రక్షణ లేదు. తెలంగాణలో దివ్యాంగులకి నెలకి ఇచ్చేది 4,016. అక్కడ కాగితాల దారి కొంచెం వేరుగా ఉన్నా చట్టం అదే, 59వ సెక్షన్ అదే.

అప్పీల్ ఎలా రాయాలి? ఒక్క పేజీ చాలు. బాబాయ్‌కి నేను రాసిచ్చినది దాదాపు ఇలా ఉంది:

‘ఫలానా తేదీ నోటీసు అందింది. అందులో నా వైకల్యం 38 శాతంగా చూపారు. దీనికి నేను అంగీకరించడం లేదు. ఒకటి, పరీక్ష సమయంలో నా కుడికాలి పొడవు కొలవలేదు, ఆ కాలు ఎడమకాలి కంటే సుమారు రెండు అంగుళాలు పొట్టి. రెండు, గొంతుక్కూర్చోవడం, మెట్లెక్కడం, కుడికాలి మీద నిలబడటం పరీక్షించలేదు, ఇవి నేను చేయలేను. మూడు, గతంలో ఇదే కాలికి 60 శాతంగా సర్టిఫికెట్ ఇచ్చారు, నకలు జతచేశాను. మునుపు పరీక్షించిన డాక్టర్ కాకుండా వేరే డాక్టర్లతో తిరిగి పరీక్ష చేయించవలసిందిగా, అంతవరకు పింఛన్ కొనసాగించవలసిందిగా కోరుతున్నాను.’

అంతే. పేదరికం లేదు, దయ లేదు, తమరి పాదపద్మములు లేవు. బాబాయ్‌కి మొదట నచ్చలేదు, ‘మరీ పెడసరంగా ఉందిరా’ అన్నాడు. అర్జీ అంటే బతిమాలడమని మనకి తాతల నాటి నుంచి అలవాటైపోయింది. కానీ తిరిగి పరీక్షించే డాక్టర్‌కి పనికొచ్చేది ఏం కొలవలేదో చెప్పే వాక్యమే. ఒక ప్రైవేటు ఎముకల డాక్టర్‌తో కాలి పొడవు కొలిపించి (తుంటి ఎముక నుంచి చీలమండ దాకా కొలుస్తారు, ప్యాంటు కొలత లాగా కాదు) ఆ చీటీ కూడా జతచేశాం. ప్రైవేటు చీటీ సర్టిఫికెట్‌గా చెల్లదు, కానీ ప్రభుత్వ డాక్టర్ ‘ఓహో, ఇది చూడాలి కాబోలు’ అనుకోవడానికి పనికొస్తుంది. రెండు సెట్లు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. ఈ ముద్ర లేకపోతే మీరు అప్పీల్ చేసినట్టే కాదు, ఎవరు ఎంత మంచిగా ‘పెట్టి వెళ్లండి, చూస్తాం’ అన్నా సరే.

ఒక హెచ్చరిక కూడా. మళ్లీ పరీక్ష అంటే మళ్లీ మొదటి నుంచి కొలవడం. ఉన్న శాతం పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. 45 ఉండి 6,000 వస్తున్నవాళ్లు ఎవరో చెప్పారని 15,000 కోసం వెళ్లే ముందు రెండుసార్లు ఆలోచించుకోండి. ‘ఇరవై వేలివ్వు, నేను వేయిస్తా’ అనే ఏజెంటుని మాత్రం ఆలోచించకుండానే పంపించెయ్యండి. దొంగ వైకల్యంతో ప్రయోజనం పొందితే అదే చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. జైలుకి వెళ్లాల్సి వస్తే వెళ్లేది మీరు, ఏజెంటు కాదు.

రెండో ‘కాదు’, కంప్యూటర్ చెప్పేది. ఇక్కడ 80 శాతం వైకల్యమున్నా లాభం లేదు, డాక్టర్‌తో పనే లేదు. ఆంధ్రలో కుటుంబానికి మాగాణి అయితే మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు దాటకూడదు, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటకూడదు, కారు ఉండకూడదు (ట్యాక్సీ, ట్రాక్టర్ ఫర్వాలేదు), ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, ఎవరూ ఆదాయపు పన్ను కట్టకూడదు. తప్పులు దొర్లేది ఎక్కడంటే: అద్దెకున్న ఇంటి మీటరుకి మీ ఆధార్ ఎక్కి ఉంటుంది, ఐదేళ్ల కిందట అమ్మేసిన కారు ఇంకా మీ పేరునే ఉంటుంది, హైదరాబాద్‌లో వేరు కాపురం ఉన్న కొడుకు సచివాలయం రికార్డులో ఇంకా మీ కుటుంబం కిందే ఉంటాడు, వాడికి ఉద్యోగం వచ్చిన నెల మీ పింఛన్ పోతుంది. లోన్ కోసమని ఎవరో చెబితే ఆదాయపు పన్ను రిటర్ను వేసినవాళ్లు కూడా ఉన్నారు, కట్టిన పన్ను సున్నా అయినా పేరు ఎక్కి కూర్చుంటుంది. సచివాలయంలో ‘ఏ కారణం చూపిస్తోంది’ అని అడిగి, స్క్రీన్ మీద ఉన్న ఆ ఒక్క కారణానికి సంబంధించిన శాఖ నుంచి కాగితం తెచ్చుకోవాలి: మీటరైతే విద్యుత్ ఆఫీసు, కారైతే ఆర్టీఏ, పొలమైతే తహసీల్దార్. వైకల్యం సర్టిఫికెట్ పట్టుకుని వీళ్ల చుట్టూ తిరగడం దండగ.

మూడోది, ఎవరూ ‘కాదు’ అనరు, ‘అవును’ కూడా అనరు, ఫైలు పడుకుంటుంది. అప్పుడే ఆ సోమవారం కలెక్టరేట్ పనికొచ్చేది, అక్కడ అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అంటారు, తెలంగాణలో ప్రజావాణి. నంబరు ఇస్తారు. కాకపోతే ఒక్కోసారి ఆ అర్జీ తిరిగి తిరిగి మీకు ‘కాదు’ అన్న అధికారి బల్ల మీదికే చేరుతుంది, ఆయన ‘పరిశీలించడమైనది’ అని ఎండార్స్‌మెంట్ రాసి మూసేస్తాడు. అలా జరిగితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాయండి. ఆయన శాతం మార్చలేరు, కానీ అధికారులను పిలిపించి, రికార్డులు తెప్పించి అడిగే విషయంలో చట్టం ఆయనకి సివిల్ కోర్టుకుండే అధికారాలిచ్చింది.

ఆపైన హైకోర్టు. అక్కడ జడ్జిగారు మీ కాలు కొలవరు. నోటీసిచ్చారా, కారణం చెప్పారా, మీ మాట విన్నారా అన్నదే చూస్తారు, లోటుంటే సాధారణంగా మళ్లీ పరీక్షించమని వెనక్కి పంపుతారు. లాయర్ ఫీజు భయం అక్కర్లేదు. వైకల్యం ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది. ఈ సంగతి తెలియక అప్పు చేసి లాయర్‌కి కట్టినవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

శాతం నిజంగానే 40కి చేరదని తేలిపోతే? ఆంధ్రలో అయితే, వయసు 60 నిండితే (ఎస్టీలైతే 50) వృద్ధాప్య పింఛన్‌కి, భర్త చనిపోయి ఉంటే వితంతు పింఛన్‌కి మార్చమని అడగండి, నెలకి 4,000. రెండు వేలు తగ్గుతుంది, కానీ సున్నా కాదు.

బాబాయ్‌ని రెండోసారి వేరే ఆస్పత్రికి పిలిచారు. ఈసారి చేతికర్ర బయట వదల్లేదు. డాక్టరమ్మ గొంతుక్కూర్చోమంటే కూర్చోబోయి బల్ల పట్టుకుని ఆగిపోయాడు, ‘అవ్వదమ్మా’ అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి ఆయనకి ఎంత కష్టమైందో పక్కన నిలబడ్డ నాకు తెలుసు. తర్వాత ఆవిడ టేపు తీసి రెండు కాళ్లూ కొలిచింది. కొత్త సర్టిఫికెట్‌లో 47 వచ్చింది. పాత 60 రాలేదని బాబాయ్ ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు, కానీ షాపుకి ఎవరైనా నోటీసు పట్టుకొస్తే మాత్రం కళ్లజోడు పెట్టుకుని ముందు అంకె ఎక్కడుందో వెతుకుతాడు, మెడలో వేలాడే టేపు తీసి ‘కాళ్లు చాపు, చూద్దాం’ అంటాడు.